కందెన నుంచి 10డబ్ల్యూ-30 దాకా: మన బండ్లలో పోసే ఆయిల్ చరిత్ర



మనం ఇక్కడ భూముల చరిత్ర, పోరాటాల చరిత్ర, పండుగల చరిత్ర రాసుకుంటున్నం. ఈసారి నేను మోటార్ సైకిల్ ఇంజన్ ఆయిల్ చరిత్ర రాస్తున్న. ఇది కూడా ఒక చరిత్రేనా అని నవ్వుకోకండి. కొంచెం ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఇందులో మన చెల్కల్లో పండిన ఆముదం ఉన్నది, బానిసత్వం నుంచి పారిపోయిన తల్లిదండ్రుల కొడుకు ఒకాయన ఉన్నడు, హైదరాబాద్‌లో డెలివరీ చేసుకుంటున్న మన తమ్ముళ్ల జేబులో డబ్బులు కూడా ఉన్నయి.

మన తండాల్లో, గూడేల్లో బండి అంటే షోకు కాదు. పురిటి నొప్పులు వస్తే అంబులెన్స్ రాని తావుకు బండే పోతుంది. రేషన్ బియ్యం, యూరియా బస్తా, పత్తి కూలీకి పోయే ముగ్గురు మనుషులు, అన్నీ ఆ ఒక్క బండి మీదనే. అసుంటి బండి ఇంజన్ పట్టేస్తే పిస్టన్, బోరు పని అంటూ వేలల్లో బిల్లు అవుతుంది. కొన్ని ఇండ్లల్లో అది నెల కూలీ. చానాసార్లు ఆ నష్టానికి కారణం ఒక లీటరు డబ్బా దగ్గర మనం తీసుకున్న నిర్ణయం. ఇంకా నిజం చెప్పాలంటే, మనం నిర్ణయం తీసుకోకుండా మెకానిక్‌కు వదిలేసిన విషయం.

ఆ డబ్బా మీద ఇంగ్లీషులో కొన్ని అంకెలు, అక్షరాలు ఉంటయి. ఒక్కో అక్షరం వెనుక ఒక్కో కాలంలో ఇంజన్లకు వచ్చిన కష్టం ఉన్నది. ఆ కష్టం ఏందో తెలిస్తే అక్షరాలను బట్టీ పట్టే అవసరం ఉండదు.

ముందు కందెన

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని సామెత ఉన్నది కదా. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకపోతే కిర్రు కిర్రుమని ఊరంతా వినబడుతుంది. కందెన ఎట్ల చేసేవాళ్లు? గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి ముద్ద చేసేవాళ్లు. దాన్ని ఇరుసుకు పూస్తే చక్రం అరగకుండా తిరిగేది. ఇంజన్ ఆయిల్ చేసే పని కూడా మొదట ఇదే. రెండు ఇనుప ముక్కలు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో ఒక పొరలాగా నిలబడటం. ఆ పొర తెగితే ఇనుము ఇనుమును తింటుంది.

ఎర్ర చెల్కల్లో, వానకే పండే నేలల్లో ఆముదం బాగా వస్తది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పత్తి ఇంతగా రాకముందు ఆముదం పెద్ద పంట. మా దేవరకొండ దిక్కు తండాల్లో పెద్దమనుషులను అడిగితే ఆముదాలు కొట్టిన ముచ్చట్లు ఇప్పటికీ చెప్తరు. ఈ గింజను గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తది.

ఇంజన్‌కు ఆయిల్ పోసే కూలీ

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన బావి తవ్వించి భూమిలోంచి ముడి చమురు తీసిండు. అంతకు ముందు యంత్రాలకు ఎక్కువగా పశువుల కొవ్వు, తిమింగలం నూనె, గింజల నూనె వాడేవాళ్లు. ఆవిరి ఇంజన్ల వేడికి కొవ్వు చెడిపోయి లోపలి భాగాలను తినేసేది. 1866లో జాన్ ఎల్లిస్ అనే డాక్టర్ ముడి చమురు నుంచి ఆవిరి యంత్రాలకు పనికొచ్చే ఆయిల్ తీసి కంపెనీ పెట్టిండు. అదే తర్వాత వాల్వోలిన్ అయింది.

ఈ కాలంలోనే మనందరం తెలుసుకోవాల్సిన మనిషి ఒకాయన ఉన్నడు. పేరు ఎలైజా మెకాయ్. నల్లజాతి మనిషి. ఆయన తల్లిదండ్రులు అమెరికాలోని కెంటకీలో బానిసలు. అక్కడి నుంచి తప్పించుకొని కెనడా పోయిన్రు. కొడుకును చదువుకోసం స్కాట్లాండ్ పంపిన్రు. మెకానికల్ ఇంజనీరింగ్ నేర్చుకొని వచ్చిండు. కానీ నల్లోడికి ఇంజనీర్ ఉద్యోగం ఎవ్వరూ ఇయ్యలేదు. మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో బొగ్గు వేసే పని, ఇంజన్‌కు ఆయిల్ పోసే పని దొరికింది.

అప్పట్లో ఆవిరి ఇంజన్లను మాటిమాటికి ఆపి చేత్తో ఆయిల్ పోయాల్సి వచ్చేది. ఆ పని చేస్తూనే ఆయన ఆలోచించిండు. ఇంజన్ నడుస్తుండగానే దానంతట అదే ఆయిల్ అందించే పరికరం తయారు చేసి 1872లో పేటెంట్ తీసుకున్నడు. జీవితంలో యాభైకి పైగా పేటెంట్లు తెచ్చుకున్నడు, వాటిలో ఎక్కువ భాగం ఆయిల్ అందించే పరికరాలవే. చదువుకు తగ్గ ఉద్యోగం దొరకని మనిషి, చేతికి దొరికిన కూలి పనిలోనే కొత్తది కనిపెట్టిండు. ఈరోజు మన బండి లోపల పంపు ద్వారా ఆయిల్ ఆగకుండా తిరుగుతున్నదంటే, నడిచే యంత్రానికి నడుస్తుండగానే నూనె అందాలన్న అదే ఆలోచన అందులో ఉన్నది. మన పాఠ్యపుస్తకాల్లో ఈయన పేరు నాకు ఎక్కడా కనబడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

ఆముదం విమానం ఎక్కింది

1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ లండన్‌లో రైళ్లకు, పెద్ద యంత్రాలకు ఆయిల్ అమ్మే కంపెనీ పెట్టిండు. తర్వాత మోటార్ కార్లు, విమానాలు వచ్చినయి. వాటికి చల్లగా ఉన్నప్పుడు పారాలి, బాగా వేడెక్కినప్పుడు పలచబడి పోవద్దు. వాళ్లు ఆయిల్‌లో ఆముదం కలిపిన్రు. 1909లో ఆ ఆయిల్‌కు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టిన్రు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అంటరు, ఆ పేరులోంచే ఈ పేరు. మనం షాపులో చూసే ఆ ఆకుపచ్చ, ఎరుపు డబ్బా మీది పేరు మన చెల్కలో ఉండే చెట్టు పేరు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆముదం విలువ ఇంకా పెరిగింది. అప్పటి చాలా విమానాల్లో రోటరీ ఇంజన్లు ఉండేవి, అంటే ఇంజనే గుండ్రంగా తిరిగేది. వాటిలో పెట్రోల్ ఇంజన్ కడుపులో నుంచే పోయేది. మామూలు చమురు ఆయిల్ పోస్తే పెట్రోల్ దాన్ని కడిగేసేది. ఆముదం పెట్రోల్‌లో తేలిగ్గా కరగదు, పొర నిలబడుతుంది. అందుకే ఆముదమే పోసేవాళ్లు. ఆ రోజుల్లో ఆముదం గింజలు ఎక్కువగా ఎగుమతి చేసింది మన దేశమే. ఎండలో గింజలు కొట్టిన కూలీ పేరు ఏ చరిత్రలోనూ లేదు. గింజ బస్తాల్లో పోయింది, పేరు డబ్బా మీద తిరిగి వచ్చింది.

మరి ఇప్పుడు మన బండ్లలో ఆముదం పోయొచ్చా? పోయొద్దు. ఆముదం వేడికి, గాలికి జిగురు కడుతది. అప్పటి విమాన ఇంజన్లను తొందర తొందరగా విప్పి శుభ్రం చేసేవాళ్లు కాబట్టి నడిచింది. మన ఇంజన్‌లో పోస్తే సన్నని ఆయిల్ దారులు మూసుకుపోతయి.

అంకెలు ఎందుకు వచ్చినయి?

మోటార్లు పెరిగేకొద్దీ ఎవరి ఆయిల్ వాళ్లదే, కొలత లేదు. చిక్కదా పలచదా అంటే అమ్మేవాని మాటే. 1911లో అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఆయిల్‌ను చిక్కదనం బట్టి వర్గాలు చేసింది. ఆ సంఘం పొట్టి పేరే డబ్బా మీద కనబడే ఎస్ఏఈ. నిర్ణయించిన వేడి దగ్గర ఒక చిన్న రంధ్రం గుండా ఆయిల్ కారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి కొలిచేవాళ్లు. అంకె పెద్దదైతే చిక్కన, చిన్నదైతే పలచన. అంతే తప్ప పెద్ద అంకె అంటే గొప్ప ఆయిల్ అని కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, షాపుల్లో సగం మోసం ఆగుతది.

మొదట్లో ఆయిల్‌కు ఒకటే అంకె ఉండేది. చలి దేశాల్లో చలికాలం పలచనిది, ఎండాకాలం చిక్కనిది మార్చుకునేవాళ్లు. చలిలో కూడా పారే ఆయిల్‌కు వింటర్ అనే అర్థంలో డబ్ల్యూ అక్షరం చేర్చిన్రు. 1950ల్లో కొత్త రసాయనాలు కలిపి రెండు కాలాలకూ ఒకటే పనికొచ్చే మల్టీగ్రేడ్ ఆయిల్ బజారులోకి తెచ్చిన్రు. ఆ రసాయనం అణువులు పొడుగు దారాల్లాగ ఉంటయి. చలిలో ముడుచుకుంటయి, వేడిలో విప్పుకుంటయి. అందుకే ఆయిల్ మరీ చిక్కబడదు, మరీ పలచబడదు.

10డబ్ల్యూ-30లో 10డబ్ల్యూ అనేది చలిలో ఎట్ల పారుతదో చెప్తది. దాన్ని మైనస్ 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తరు. 20డబ్ల్యూ అయితే మైనస్ 15 దగ్గర. మన ఆదిలాబాద్ ఏజెన్సీలో, లంబసింగిలో ఎంత చలి పెట్టినా అంత పోదు. అయినా మొదటి అంకెతో మనకు పని ఉన్నది. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ అడుగున ఉంటది, పైకి చేరేదాకా ఇంజన్ అరుగుతది. పలచనిది తొందరగా చేరుతుంది. రెండో అంకె 30, 40, 50 అనేది ఇంజన్ కాగినప్పుడు, 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్తది.

పెట్రోల్‌లో ఆయిల్ కలిపే కాలం

మన నాన్నల కాలంలో రాజ్‌దూత్, జావా, యెజ్డీ, ఆ తర్వాత 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100, ఇవన్నీ టూ స్ట్రోక్ బండ్లు. వీటిలో కూడా పాత విమానాల లాగనే పెట్రోల్ ఇంజన్ కడుపులో నుంచి పోతది. అందుకే ఆయిల్ పెట్రోల్‌తో పాటే పోయి కాలిపోవాలి. దాన్నే టూటీ ఆయిల్ అంటం. బంకు దగ్గర పెట్రోల్‌లో కొలిచి కలిపేవాళ్లు. ఆయిల్ కాలితే నీలి పొగ వస్తది. నగరాల్లో గాలి పాడవుతున్నదని పొగ రూల్స్ గట్టిగా వచ్చేసరికి ఆ బండ్లు ఆగిపోయినయి.

అదే 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్, మైలేజీ ఎక్కువ. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఇప్పుడు ఏ తండాకు పోయినా అదే. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కాలిపోదు, లోపలే తిరుగుతుంటది. దీనితో మనవాళ్లకు ఒక అలవాటు పోయింది. టూ స్ట్రోక్ కాలంలో పెట్రోల్ కొట్టించిన ప్రతిసారి ఆయిల్ గుర్తొచ్చేది. ఫోర్ స్ట్రోక్ వచ్చినంక ఆయిల్ కంటికి కనబడదు కాబట్టి ఇంజన్ చప్పుడు చేసేదాకా ఎవరికీ గుర్తు రాదు.

కారు ఆయిల్ బండికి ఎందుకు పోయొద్దు?

ఇది అన్నిటికంటే ముఖ్యం. గేర్లున్న కారులో ఇంజన్‌కు ఒక ఆయిల్, గేర్ బాక్సుకు వేరే ఆయిల్. క్లచ్ పొడిగా ఉంటది. మన గేర్ బండ్లలో ఎక్కువ వాటికి ఇంజన్, గేర్లు, క్లచ్ మూడింటికీ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటయి. పిస్టన్‌కు జారాలి, క్లచ్‌కు పట్టు ఉండాలి. ఒకటే ఆయిల్ ఈ రెండు పనులూ చేయాలి.

1990ల్లో కార్ల కంపెనీలు పెట్రోల్ ఆదా కోసం ఆయిల్‌లో ఇంకా జారుడు పెంచే మందులు కలపడం ఎక్కువ చేసినయి. ఆ ఆయిల్ బండ్లలో పోస్తే క్లచ్ జారడం మొదలైంది. అందుకే 1998లో జపాన్ వాళ్లు మోటార్ సైకిళ్ల కోసమే జాసో అనే ప్రమాణం తెచ్చిన్రు. అందులో ఎంఏ అంటే తడి క్లచ్‌కు పట్టు ఇచ్చే ఆయిల్. తర్వాత ఎంఏను ఎంఏ1, ఎంఏ2 అని విడదీసిన్రు, ఎంఏ2కు పట్టు ఎక్కువ. ఎంబీ అంటే జారుడు ఎక్కువ, గేర్లు లేని స్కూటర్లకు. స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి నడుస్తది.

మా కాక బండికి పట్నంలో ఒక షాపులో మిగిలిన కారు ఆయిల్ పోసిన్రు. "ఖరీదైనది, ఫుల్ సింథటిక్" అని పైసలు కూడా ఎక్కువే తీసుకున్నరు. పదిహేను రోజులకు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. క్లచ్ ప్లేట్లు పోయినయని అదే షాపు వాళ్లు ఇంకో బిల్లు వేసిన్రు. ఆయిల్ చెడ్డది కాదు, కారుకు మంచిదే. కానీ అది ఈ బండి కోసం చేసింది కాదు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదా లేదా అని చూస్తే ఆ రెండు బిల్లుల్లో ఒకటి తప్పేది.

డబ్బా మీద ఏపీఐ అని ఇంకో గుర్తు ఉంటది. అమెరికా పెట్రోలియం సంస్థ ఇచ్చే నాణ్యత వర్గం. ఎస్‌జే, ఎస్ఎల్, ఎస్ఎం, ఎస్ఎన్, ఇట్ల రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. మాన్యువల్‌లో చెప్పిన దానికంటే పాతది తీసుకోవద్దు. ముఖ్యంగా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు. వాటి సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ ఉంటది, తప్పుడు ఆయిల్ కాలి అందులోకి పోతే అది చెడిపోతది.

మరి ఏది కొనాలి?

1. బండితో ఇచ్చిన మాన్యువల్ తెరవండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే కంపెనీ వెబ్‌సైట్‌లో మాన్యువల్ దొరుకుతది. స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. 350 సీసీ యూసీఈ ఇంజన్ ఉన్న బుల్లెట్‌కు 15డబ్ల్యూ-50. "మన దగ్గర ఎండలు ఎక్కువ, చిక్కటిది పోస్తే మంచిది" అని స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ-50 పోస్తరు. ఆ ఇంజన్ దారులు 10డబ్ల్యూ-30 కోసం చేసినవి. చిక్కటిది పైకి చేరడం ఆలస్యమైతది, మైలేజీ కూడా తగ్గుతది.

2. జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉన్నదా చూడండి. గేర్ బండికి ఇది తప్పనిసరి.

3. ఏపీఐ అక్షరం మాన్యువల్‌తో సరిపోవాలి.

4. ఈ మూడూ సరిపోయినంకనే మినరలా, సింథటికా అన్న మాట. సింథటిక్ ఎక్కువ వేడిని తట్టుకుంటది, నిజమే. కానీ రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగే 100 సీసీ బండికి సరైన గ్రేడ్ మినరల్ ఆయిల్‌ను టైముకు మార్చితే చాలు. ఖరీదైన ఆయిల్ పోసి ఏడాది మార్చకుండా ఉంచడం కంటే ఇదే మంచిది.

5. విడి ఆయిల్, మూత తెరిచిన డబ్బా వద్దు. సీలు మీ ముందరే తీయించండి. ఖాళీ డబ్బా అక్కడ వదలకండి, చిల్లు పెట్టండి. మంచి డబ్బాల్లోనే నకిలీ ఆయిల్ నింపి అమ్ముతరు.

6. పదిహేను రోజులకోసారి ఆయిల్ చూడండి. సమానమైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపినంక కొన్ని నిమిషాలు ఆగి, పుల్ల తుడిచి పెట్టి చూడాలి. స్ప్లెండర్ లాంటి బండ్లల్లో చూసేటప్పుడు పుల్లను మర తిప్పకుండా ఊరికే ఆనించాలి. కింది గీత కంటే తగ్గితే అదే గ్రేడ్ కొంచెం పోయాలి.

డెలివరీ చేసే తమ్ముళ్లకు

మన హాస్టల్ పిల్లలు సెలవుల్లో, చదువు ఆపిన వాళ్లు పొద్దూమాపూ హైదరాబాద్‌లో డెలివరీ చేస్తున్నరు. "మూడు నెలలకోసారి ఆయిల్" అనే లెక్క రోజుకు ఇరవై, ముప్పై కిలోమీటర్లు తిరిగేవాళ్లది. మీరు రోజుకు 100 కిలోమీటర్లు తిరిగితే మూడు నెలల్లో 9000 అయితది. మాన్యువల్‌లో 6000 అని ఉంటే మీకు అది 60 రోజులే. 3000 అని ఉంటే 30 రోజులే. పైగా ట్రాఫిక్‌లో గేర్లు ఎక్కువసార్లు మారుస్తరు. పైన చెప్పిన ఆ పొడుగు దారాల్లాంటి అణువులను గేర్ పళ్లు నలిపి తెంపుతయి, ఆయిల్ పలచబడతది. కాబట్టి నెల చూడకండి, మీటర్ రీడింగ్ చూడండి. ఆయిల్ మార్చిన రోజు రీడింగ్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. బండి చెడి రెండు రోజులు ఆగితే ఆ కూలీ ఏ యాప్ ఇయ్యదు.

తీసిన నల్ల ఆయిల్ సంగతి

పాత ఆయిల్‌ను వాగులో, బావి దగ్గర పారబోయొద్దు. కర్రలకు చెదలు పట్టకుండా పూస్తరు, కొందరు పశువుల గజ్జికి రాస్తరు. వద్దు. అందులో అరిగిన లోహాలు, కాలిన పెట్రోల్ విషాలు ఉంటయి. చర్మానికి మంచిది కాదు, నీళ్లల్లో కలిస్తే ఇంకా చెడ్డది. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇయ్యండి. అక్కడి నుంచి శుద్ధి చేసే వాళ్లకు పోతది.

ఆముదం ఎక్కడికి పోయింది?

ఇంజన్‌లో లేదు గానీ మన బండిలోనే ఉన్నది. 1942లో అమెరికాలో లిథియం గ్రీజుకు పేటెంట్ వచ్చింది. ఇప్పుడు చక్రాల బేరింగుల్లో పెట్టే గ్రీజు ఎక్కువగా ఆ రకమే. దాన్ని గట్టిపరిచే ముఖ్యమైన పదార్థం ఆముదం నుంచే తీస్తరు. అంటే తాత ఇరుసుకు పూసిన ఆముదమే వేరే రూపంలో మనవడి చక్రంలో ఉన్నది. ప్రపంచానికి ఆముదం ఎక్కువగా ఇప్పటికీ మన దేశం నుంచే పోతుంది, గుజరాత్ ముందున్నది. గింజ అమ్మితే ఒక ధర, నూనె తీసి అమ్మితే ఒక ధర, దాని నుంచి రసాయనం చేసి అమ్మితే ఇంకా పెద్ద ధర. మనం ఇన్నేండ్లు గింజ దగ్గరనే ఆగిపోయినం. మనలో కెమిస్ట్రీ, మెకానికల్, పాలిటెక్నిక్ చదివే వాళ్లు ఉన్నరు. ఆ రెండో మెట్టు, మూడో మెట్టు మన పిల్లలు కూడా ఎక్కాలి. మెకాయ్‌కు ఇంజనీర్ కుర్చీ ఇయ్యకపోయినా ఇంజన్ అర్థం చేసుకోకుండా ఎవ్వరూ ఆపలేకపోయిన్రు.

ఒక పని చేద్దాం. ఈ పండుగకు ఊరికి పోయినప్పుడు రెండు విషయాలు తెలుసుకొని ఇక్కడ రాయండి. ఒకటి, మీ బండి మాన్యువల్‌లో ఉన్న ఆయిల్ గ్రేడ్ ఏందో, ఇప్పుడు అందులో పోస్తున్నది ఏందో. రెండు, మీ ఊళ్లో కందెన ఎట్ల చేసేవాళ్లో, ఆముదం ఎక్కడ వేసేవాళ్లో, ఎవరికి అమ్మేవాళ్లో. మొదటిది మన బండ్లకు పనికొస్తది. రెండోది పెద్దమనుషులు ఉండగానే రాసుకోవాలి, పుస్తకాల్లో దొరకదు.